ఇనప బాణలి కింద వైఫై

కోక్-బెల్,
ఫిబ్రవరి నెలాఖరు.

చిరంజీవి కుబాత్‌ని నీ తల్లి మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, నీ భార్య బేగిమాయ్, ఆవు, గొర్రెలు అందరం క్షేమం. కుక్క కూడా క్షేమమే, నువ్వు దాని సంగతి అడగకపోయినా. అక్కడ నువ్వు క్షేమమని రాశావు. నమ్మాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ఎందుకో కిందకి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందు ఈ కవరు సంగతి. పైన నీకు ఫోను అందదు కనుక పిండి లారీ మామ్‌బెత్ చేతికిచ్చి పంపుతున్నాను. వాడికి పరాయి ఉత్తరాలు చదివే బుద్ధి ఉందని నాకు ఎప్పట్నుంచో అనుమానం. లేకపోతే పోయిన చలికాలం మీ మేస్త్రీ కూతురు నెల తప్పిన సంగతి, మేస్త్రీ కంటే ముందు వాడికెలా తెలిసింది? అందుకని అంటించిన కవరు మీద ఎర్ర ఉన్నిదారంతో, మన తివాచీల అంచుకి వేసే జంట కుట్టు వేశాను. ఆ కుట్టు వాడి ఏడు తరాల్లో ఎవరికీ రాదు. చెదిరి ఉంటే నాకు రాయి, వాడి సంగతి నేను చూసుకుంటాను.

ఇక నీ ప్రశ్నలు. ఆవు ఇంకా ఈనలేదు, ఇవాళో రేపో అన్నట్టుంది. గుండె మాత్రలు వేసుకుంటున్నాను. ఈసారి ఇచ్చిన వాటి రంగు మారింది. ఎందుకు మారిందో ఒక్కళ్లూ చెప్పలేదు, అందుకని కొన్నాళ్లు మానేశాను. తర్వాత బేగిమాయ్ పోరు పడలేక మళ్లీ మొదలుపెట్టాను. ఎండు పెరుగు ఉండలు సంచి నిండా పంపాను. చేరేసరికి సంచి వదులైతే మళ్లీ ఆ మామ్‌బెత్‌నే అడుగు.

"ల్యాప్‌టాప్ వైఫైకి కలిసిందా అమ్మా? కెమెరాలో మా గుడిసె పొగ చూశావా?" అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. నేనేమో జవాబు ఎగ్గొడుతున్నాను. ఇవాళ చెబుతాను. టీ పోసుకుని కూర్చో.

నువ్వు ఇంకో ఇద్దరితో కనుమ మీద మంచు తోసే చలికాలం డ్యూటీకి బయల్దేరిన రోజు గుర్తుందా? కింద లారీ హారన్ మోగుతోంది. నువ్వు బూట్లు తొడుక్కుంటూ అన్నావు, "అమ్మా, రోడ్ల ఆఫీసు వాళ్లు పైన స్తంభానికి కెమెరా కట్టారు. అందులో మా గుడిసె కనిపిస్తుంది. పొద్దున్నే గొట్టంలోంచి పొగ వస్తే నేను లేచి టీ కాస్తున్నట్టే" అని. పాస్‌వర్డ్ ఏమిట్రా అంటే నవ్వావు. "నువ్వు చచ్చినా మరిచిపోలేని మాటే పెట్టానులే. బేగిమాయ్ ఫోనులో కొట్టేశాను, తనకీ తెలుసు" అని లారీ ఎక్కేశావు. అంత గొప్ప మాటైతే చెవిలో ఒక్కసారి చెప్పిపోతే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

సరే. ఆ వైఫై పెట్టె కిటికీలో పెట్టి వెళ్లావు. మర్నాడే పక్కింటి కలీచా గోడ మీంచి తల పెట్టింది. "వదినా, మీ వైఫై మా వంటింట్లోకి కూడా వస్తోంది, మా పిల్లలు ఫోనులో పేరు చూశారు" అంది, ఏదో మెచ్చుకుంటున్నట్టు. నెలనెలా కట్టేది మనం, ఆమె వంటింట్లో సోకులా? వెంటనే మన పెద్ద ఇనప బాణలి తెచ్చి ఆ పెట్టె మీద బోర్లించాను.

బేగిమాయ్ చూసి నోటి మీద చెయ్యేసుకుంది. "అత్తమ్మా, బాణలి కింద పెడితే మనకీ రాదండీ."

"మనకి రాకపోయినా ఫర్వాలేదు. ఆవిడకి పోకూడదు."

"తాళం ఉందిగా అత్తమ్మా, పాస్‌వర్డ్ లేకుండా వాళ్లేం చెయ్యలేరు."

"తాళం ఉన్న ఇళ్లలో దొంగలు పడట్లేదా ఏం?" అన్నాను.

ఆ తర్వాత ఒకరోజు నీ పొగ చూద్దామని నేనే ల్యాప్‌టాప్ తెరిచాను. బాణలి తీశాను. బేగిమాయ్ నేర్పినట్టే మూల ఉన్న గుర్తు నొక్కితే చుట్టుపక్కల ఇళ్ల పేర్లన్నీ వరసగా వచ్చాయి. మన పేరు నొక్కాను. పాస్‌వర్డ్ కొట్టమంది. నేను మరిచిపోలేని మాట ఏముంటుంది? నీ పేరు కొట్టాను. అక్షరాలు పడవలసిన చోట చుక్కలు పడ్డాయి! నా చేత్తో నేను కొట్టిన మాటని నా నుంచే దాస్తుందా ఇది? ఆ క్షణం నుంచి దాని మీద నమ్మకం పోయింది. నీ పేరు తప్పంది. నా పేరు కొట్టాను, అదీ తప్పంది. కన్నతల్లి పేరు పెట్టలేదని కాస్త కోపం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి. ఊరి పేరు, ఆవు పేరు, చచ్చిపోయిన మన గుర్రం పేరు, అన్నీ అయ్యాయి. అన్నిటికీ తప్పే.

ఇక నీ పెళ్లాన్ని పిలిచాను. "ఆ మాటేమిటో చెప్పు తల్లీ, కొడతాను."

అది చేతిలో పిండి దులుపుకుంటూ వచ్చి, "ఇటివ్వండి అత్తమ్మా, నేను కొట్టిపెడతా" అంది.

"ఎందుకు? నువ్వు చెప్పు, నేను కొడతాను. నాకు అక్షరాలు రావా?"

తల వంచుకుంది. రుమాలు నుదుటి మీదకి లాక్కుంది. "మీకు తెలిసిన మాటే అత్తమ్మా" అంది.

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

"నా నోటితో ఎలా చెప్పనండీ..." అని గొణిగి వంటింట్లోకి పారిపోయింది. ల్యాప్‌టాప్ ఇచ్చి ఉంటే ఒక్క నిమిషంలో కొట్టి ఇచ్చేది, నిజమే. కానీ ఆ వస్తువు కొన్న రోజున దుకాణం వాడు, పాస్‌వర్డ్ ఎవరిచేతా కొట్టించుకోవద్దు పెద్దమ్మా అని మరీ మరీ చెప్పాడు. అందుకే ఇవ్వలేదు. అప్పట్నుంచి గమనించడం మొదలుపెట్టాను. గమనిస్తే ఏం కనపడదు చెప్పు! నేను ఆవు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి బాణలి అంగుళం జరిగి ఉండేది. అంచు చుట్టూ పిండి చల్లి పెట్టాను. పిండి చెదిరేది.

ఆ పిల్ల మర్యాదకి వంక పెట్టలేను, అదీ చెప్పాలి. పొద్దున్నే వంగి సలాం చేస్తుంది, నా కంటే ముందు ముద్ద నోట్లో పెట్టదు. కొట్టువాడిది మీ నాన్న పేరే కదా, మామగారి పేరు నోటితో అనకూడదని వాణ్ణి "ఉప్పు బాబాయి" అంటుంది. ఇప్పుడు ఊరంతా అలాగే అంటోంది, వాడూ పలుకుతున్నాడు. కానీ మర్యాద ఎక్కువైన చోటే నాకు అనుమానం ఎక్కువవుతుంది. నా బుద్ధి నీకు తెలిసిందే.

ఇంతలో ఆ పెద్ద మంచు తుఫాను. మూడు రోజులు తలుపు తియ్యలేకపోయాం. అది తగ్గాక నాకు నీ మీద బెంగ పట్టుకుంది. పొగ చూడాల్సిందే అనుకున్నాను. పంతం మానుకుని ల్యాప్‌టాప్ తీసుకెళ్లి బేగిమాయ్ ఒళ్లో పెట్టాను. "సరే, నువ్వే కొట్టు. నేను అటు తిరిగి కూర్చుంటాను" అన్నాను. నేను, బురుల్‌ని, అంత దిగివచ్చానంటే అర్థం చేసుకో!

అది ల్యాప్‌టాప్ మూసేసింది. "ఇవాళ వైఫై రావట్లేదు అత్తమ్మా."

"బాణలి తీసే ఉంచాను కదా?"

"అయినా రావట్లేదు."

మర్నాడు అడిగితే ఛార్జింగ్ లేదంది. ఆ మర్నాడు కెమెరా పాడైందంట అంది. ఎవరు చెప్పారే అంటే తేలు కుట్టిన దొంగలా గుడ్లప్పగించి చూసింది. మొన్నటిదాకా ఇటివ్వండి నేను కొడతా అన్న మనిషి, తీరా చేతికిస్తే ఎందుకు వద్దంటోంది? ఇందులో ఏదో ఉంది, తప్పకుండా ఉంది.

ఉందని ఆ సాయంత్రమే తేలింది. గొర్రెలకి గడ్డి వేసి వస్తుంటే కొట్టంలోంచి దాని గొంతు వినపడింది. ఫోనులో మాట్లాడుతోంది. అవతల మగ గొంతు. ఇది ఏడుపు ఆపుకుంటూ, "మీ మాట కోసమే చూస్తున్నానండీ... రాత్రయినా సరే చెయ్యండి... అత్తమ్మకి మాత్రం తెలియనివ్వకండి" అంటోంది.

కొడుకు చలిలో రోడ్ల మీది మంచు తోస్తుంటే, ఇక్కడ వీడెవడు? పాస్‌వర్డ్ ఎందుకు చెప్పలేదో, బాణలి ఎందుకు జరుగుతోందో అన్నీ ఒక్కసారి అర్థమైపోయాయి అనుకున్నాను. తిన్నగా కలీచా ఇంటికి వెళ్లాను. మామూలుగా అయితే నేను ఆవిడకి ఉప్పు ధర కూడా చెప్పను. ఆవేళ అన్నీ చెప్పాను.

"నిప్పు లేనిదే పొగ రాదు వదినా" అంది కలీచా, కళ్లు మెరుస్తుండగా. "మీ కుబాత్ మెత్తటివాడు. వాళ్ల అన్నయ్యని పిలిపించు. సామాను సర్ది పంపించెయ్, నలుగురికీ తెలియక ముందే."

ఆవిడకి తెలిశాక ఇంకా నలుగురికి తెలియడం ఏమిటి? అయినా ఆవిడ ఫోను తీసుకునే బేగిమాయ్ అన్నకి చెప్పాను, వచ్చి నీ చెల్లెల్ని తీసుకెళ్లు అని. ఎందుకని అడిగాడు. వచ్చాక చెబుతానన్నాను. నాయనా, ఇది నీకు రాయకూడదని ఇన్నాళ్లూ అనుకున్నాను. రాసేశాను. నీ పెళ్లాన్ని నిన్ను అడగకుండా ఇంట్లోంచి పంపబోయాను. ఇక ఆ కోపం ఏదో నా మీదే చూపించు.

ఇంటికొచ్చి దాన్ని ఎదురుగా నిలబెట్టాను. ల్యాప్‌టాప్ బల్ల మీద తెరిచి పెట్టాను.

"చూడమ్మాయ్. ఈ ఇంట్లో నాకు తెలియని తాళం ఉండడానికి వీల్లేదు. ఆ మాట ఇప్పుడు నోటితో చెప్పు. చెప్పవా, మూట కట్టుకో. మీ అన్నకి కబురు పెట్టాను."

అయినా ఎదురు తిరగలేదు, ఎవరో చాడీలు చెప్పారనలేదు. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వంగి సలాం చేసింది. "పొమ్మంటే పోతాను అత్తమ్మా. కానీ ఆ మాట నేననలేను. ఈ గడప దాటి వచ్చిన రోజున అనకూడదన్నారు. ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడెలా అంటాను?"

ఆ పిల్ల కళ్లు నా మీద లేవు. గోడ మీది మీ నాన్న ఫొటో మీద ఉన్నాయి.

కుబాత్, నాకు తట్టాలి కదా! ఎవరికి తట్టకపోయినా నాకు తట్టాలి. నేనూ ఆ గడప దాటి వచ్చిన కోడలినే. పెళ్లయిన నాటి నుంచి ఆయన్ని "ఇదిగో", "ఏమయ్యా", నువ్వు పుట్టాక "కుబాత్ నాన్నా" అనే పిలిచాను. ఆసుపత్రిలో నర్సు మీ ఆయన పేరేంటమ్మా అంటే పక్కన ఉన్న నీ వైపు చూపించాను. శవం లేచేటప్పుడు కూడా పేరు పెట్టి ఏడవలేదు. మరిచిపోలేని మాటే, నిజమే. ఎన్నడూ పలకని మాట కూడా. నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పెళ్లాం పలకకూడని పేరు, కోడలు పలకకూడని పేరు తీసుకెళ్లి, ఇద్దరు ఆడవాళ్లే మిగిలిన ఇంటికి తాళం వేసిపోయావు.

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పెదవులు కదలకుండా ఒక్కో అక్షరం నొక్కాను. ఒక్కో చుక్క పడింది. ఆ చుక్కల మీద ఈసారి కోపం రాలేదు. కనపడకుండా దాచినందుకు మేలే అనిపించింది. ఆఖరిది నొక్కగానే తాళం గుర్తు పోయి, కలిసింది.

"కలిసిందే!" అన్నాను. "కెమెరా ఎక్కడ? చూపించు."

"వద్దత్తమ్మా" అంటూ బేగిమాయ్ నా చెయ్యి పట్టుకుంది. ఎన్నడూ నన్ను ముట్టుకుని ఆపని పిల్ల. "మీకు దణ్ణం పెడతాను, చూడకండి."

తోసేసి నేనే నొక్కాను. కనుమ వచ్చింది. నల్లబండ ఉంది. దాని పక్కన గుడిసె ఉండాలి కదా? లేదు. పొగ లేదు, గొట్టం లేదు, కప్పు లేదు. బండ దగ్గర్నుంచి రోడ్డు దాకా తెల్లగా, నున్నగా ఉంది. ఏదో తప్పు చోటు చూపిస్తోందనుకున్నాను. ఈ పెట్టెలకి అబద్ధాలు అలవాటే కదా అనుకున్నాను. కానీ మీ నాన్న ఆ కనుమ మీదే బుల్డోజరు నడిపాడు. ఎన్నిసార్లు భోజనం పట్టుకెళ్లానో. ఆ బండ నాకు తెలుసు.

అప్పుడు అరిచాను. ఆయన ఫొటో వైపు తిరిగి అరిచాను. పేరు పెట్టి పిలిచాను కుబాత్, గట్టిగా, వీధిలోకి వినపడేలా. "నా బిడ్డని పిలుచుకోకు! నీకు తోడు కావాలంటే నన్ను పిలుచుకో, వాణ్ణి వదిలెయ్!" అన్నాను. ఇంకో మూడు నాలుగు సార్లు పేరే అన్నాను, వేరే మాట రాలేదు. బేగిమాయ్ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. తర్వాత నా కాళ్ల దగ్గర కూలబడి నన్ను పట్టుకుంది.

అప్పుడు చెప్పింది అంతా. తుఫాను ఆఖరి రోజున మంచు చరియ విరిగిపడిందని, మీ ముగ్గురి నుంచి రేడియోలో మాట లేదని, కింద ఆఫీసులో రేడియో దగ్గర కూర్చునే జోల్‌దోష్ తనకి చెప్పాడని. ఫోనులో మగ గొంతు అతనిదే. బాణలి జరిపింది తన ఫోనులో నీ పొగ చూసుకోవడానికట. నా గుండె సంగతి తెలిసి, ఏదో ఒకటి తేలేదాకా నాకు చెప్పొద్దని వేడుకుందట. అన్నాళ్లూ ఆ భారం ఒక్కతే మోసింది. నాకు టీ కలిపి ఇస్తూ, నా తిట్లు తింటూ, నా మాత్రలు లెక్కపెడుతూ.

"ఏడవడానికైనా చోటు లేక కొట్టంలోకి పోయేదానివా?" అన్నాను.

"గొర్రెలు ఎవరికీ చెప్పవు కదత్తమ్మా" అంది. ఏడుపులో నవ్వొచ్చింది ఇద్దరికీ.

ఆ తర్వాత మేమిద్దరం ఆ ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. అక్కడే తిన్నాం, ఒకళ్ల తర్వాత ఒకళ్లం అక్కడే కునుకు తీశాం. నాకు దేని మీదా నమ్మకం లేదు కదా, బొమ్మ కాసేపు మారకపోతే ఆగిపోయిందేమోనని దాని వీపు మీద కొట్టేదాన్ని. చివరికి కింద నుంచి పసుపు బుల్డోజరు వచ్చింది, తోస్తూ తోస్తూ బండ దాటింది. బండ వెనకాల యంత్రాలు నిలిపే సిమెంటు షెడ్డు మూతి తెరుచుకుంది. ముగ్గురు మనుషులు బయటికి వచ్చారు. అగ్గిపుల్లలంత ఉన్నారు. అంతలోనే జోల్‌దోష్ ఫోను. "అమ్మగారికి చెప్పెయ్యమ్మా ఇక, ముగ్గురూ ఉన్నారు" అన్నాడు. బేగిమాయ్ ఫోను నాకిచ్చింది. నేను అతన్ని ముందు తిట్టి, తర్వాత ఆశీర్వదించాను. ఇద్దరం చేతులు మొహానికి అద్దుకుని దేవుడికి చెప్పుకున్నాం.

రోడ్డు తెరవగానే మామ్‌బెత్ నీ ఉత్తరం తెచ్చాడు. "అమ్మా, ఇక్కడ కొంచెం మంచు పడింది, అంతే, అంతా క్షేమం" అని రాశావు. కొంచెమా? ఆ కొంచెం ఎంతో నా కళ్లతో చూశాను. అబద్ధాలకోరు!

బేగిమాయ్ అన్న కూడా వచ్చాడు, మీసాలకి మంచు పట్టి, ముఖం గంటు పెట్టుకుని. నేను టీ పోస్తూ నసిగాను. బేగిమాయ్ వేయించిన పిండి ముక్కలు పళ్లెంలో పోస్తూ, "అత్తమ్మే పిలిపించారన్నయ్యా, నాకు నీ మీద బెంగగా ఉందని" అంది. నా వైపు కూడా చూడలేదు. ఆ పిల్లని నేను పంపెయ్యబోయాను. నువ్వు వచ్చాక దాని ఎదురుగానే నన్ను నాలుగు మాటలు అను, పడతాను.

బాణలి తిరిగి పొయ్యి మీదకి ఎక్కింది. వైఫై కలీచా వంటింట్లోకి పోతే పోనీ. కానీ ఆవిడకి పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వను, అంత మంచిదాన్ని కాలేదు ఇంకా.

ఇక ఒక్కటే మిగిలింది, జాగ్రత్తగా చదువు. షెడ్డులోంచి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు రెండు చేతుల్తో పార పట్టారు. ఒకడు ఒంటి చేత్తో పట్టాడు. నీ ఉత్తరంలో అక్షరాలు ఎన్నడూ లేనిది ఎడమకి వాలి ఉన్నాయి, చిన్నపిల్లలు రాసినట్టు. జోల్‌దోష్‌ని అడిగితే దగ్గు వచ్చినట్టు నటించాడు. బేగిమాయ్‌ని అడిగితే, "నాకూ అదే అనుమానం అత్తమ్మా" అని ఏడ్చింది. నీ కుడి చేతికి ఏమైంది? మంచు తిన్నదా, విరిగిందా? ఎన్ని వేళ్లు ఉన్నాయి? ఎన్ని ఉన్నా వచ్చేది నా ఇంటికే, తినిపించడానికి ఇద్దరం ఉన్నాం. కానీ దాచకు. ఈ ఇంట్లో దాచుకోవడాలు అయిపోయాయి. పెళ్లినాటి నుంచి గొంతులో దాచిన మాట నేనే బయట పెట్టాను. నువ్వు ఒక చెయ్యి సంగతి చెప్పలేవా?

నిజం రాయి. ఎడమ చేత్తోనే రాయి. కింద మీ నాన్న పేరుతోనే సంతకం పెట్టాను, మామ్‌బెత్ చదివితే చదువుకోనీ.

ఇట్లు,
నీ అమ్మ,
ఓమూర్‌బెక్ భార్య,
బురుల్.